టికియాపారా మేడ మీద కుండీల తగువు

హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషను టికియాపారా. కలకత్తాకు గంగ అవతలి ఒడ్డు. కిటికీ పక్కన కూర్చుంటే కోచింగ్ డిపోలో కడిగి నిలబెట్టిన రైలుపెట్టెలు, బెలీలియస్ రోడ్డు వైపు లేత్ మిషన్ల షెడ్లు, ఒకదాన్నొకటి ఆనుకున్న పాత మేడలు కనిపిస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు పనికొచ్చిన వాళ్ళ పిల్లలూ మనవలూ ఈ లైను మీద అక్కడక్కడా స్థిరపడ్డారు. పల్లపు ప్రాంతం కావడంతో గట్టివాన పడితే కార్‌షెడ్డులో పట్టాలే మునిగి లోకళ్ళు నిలిచిపోతాయి. ఇక పెరళ్ళ సంగతి చెప్పేదేముంది? తోట వెయ్యాలంటే మేడ ఎక్కాల్సిందే, మేడ ఎక్కితే కుండీలు కావాల్సిందే.

ఏ కుండీలన్న దగ్గర ఓ మామయ్యకూ మేనకోడలికీ కుదరదు. ఆయన డిపోలో పనిచేసి రిటైరైన శ్రీకాకుళం మనిషి. ఆ అమ్మాయి ఓ బళ్ళో జీవశాస్త్రం చెబుతుంది. నేను పక్క వాటా వాణ్ని. వాళ్ళ మాటల్లో తిట్లు, చుట్టాల ఊసులు తీసేసి మిగిలింది రాస్తున్నాను. తగువుకు కారణం ఆమె చేతిలో ఉన్న కరివేపాకు మొక్క. దాన్ని ఎందులో పెట్టాలి?

మేనకోడలు: ఇది తోటా, పాత సామాన్ల కొట్టా మామయ్యా?

మామయ్య: రెండూను. ఊరు పారేసిందే నాకు కుండీ. డబ్బులిచ్చి మట్టి కొనుక్కునే ఖర్మ నాకేటి? ఇదిగో ఈ తెల్లపెట్టె చూడు. ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్నుంచి మంచుగడ్డల మధ్య శీలావతి, బొచ్చె నింపుకొని హౌరా బజారుకు వచ్చింది. చేప బెంగాలీలు తిన్నారు, పెట్టె నాకు మిగిలింది. ఇప్పుడు అందులో గోంగూర. మనదేశపు పెట్టె, మనదేశపు కూర.

మేనకోడలు: చేప కంపు కొట్టదూ?

మామయ్య: సబ్బునీళ్ళతో కడిగి వారం రోజులు ఎండలో బోర్లిస్తే ఏ కంపూ ఉండదు. గోడ చూడు, బొటనవేలంత మందం. లోపల మంచు కరక్కుండా చేసిన గోడ, బయటి ఎండని లోపలికి రానిస్తదా? మే నెలలో నీ కుండీ పక్కన చెయ్యి పెట్టు, నా పెట్టె పక్కన చెయ్యి పెట్టు. ఎత్తితే రెండు కిలోలుండదు.

ఆ పెట్టెని నేనూ దగ్గరగా చూశాను. అడుగు నుంచి అంగుళం లోపే, పక్క గోడకు వంటింటి కత్తితో తొలిచిన చిల్లులు. అడుగున ఓ నాలుగు. పడమటి వైపు గోడ ఎండకి పచ్చబారి, వేలితో రాస్తే తెల్లటి నూక రాలుతోంది. కోడలి కళ్ళు కూడా అక్కడే ఆగాయి.

మేనకోడలు: ఈ రాలేదేంటి? థర్మోకోల్ అంటే పాలిస్టైరిన్. ఎండ దాన్ని తినేస్తుంది. వానకి ఈ నూకంతా తూములోకి, తూములోంచి కాలవలోకి, అక్కణ్ణుంచి గంగలోకి. నువ్వు చెత్తని ఆపానంటున్నావు. ఆపలేదు, మెత్తగా నూరి పంపిస్తున్నావు.

మామయ్య: నేను తెచ్చుకోకపోతే అదెక్కడికి పోయేది? రేపే కాలవలో తేలేది. నా దగ్గర రెండేళ్ళు గోంగూర పెట్టి పోతుంది. నూక రాలకుండా గోనెపట్టా చుడతాను, సరేనా?

మేనకోడలు: చుడితే సరే. ఎండ తగలకపోతే త్వరగా పొడి కాదు. ఆకుకూరకి లోతు కూడా చాలు. గోంగూర తల్లివేరు లోతుకి పోయే రకమే గానీ, నువ్వు నారకు పెంచడం లేదు కదా. చిగురు తుంచుకోడానికి అడుగు లోతు మట్టి ఎక్కువే. కానీ కరివేపాకు గోంగూర కాదు. అది చెట్టు. ఏళ్ళ తరబడి ఉండాలి. దానికి మట్టికుండీయే పెట్టాలి.

మామయ్య: ఎందుకూ?

మేనకోడలు: కాల్చిన మట్టి గోడకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నీళ్ళు గోడలోంచి బయటికి ఊరి ఆవిరైపోతాయి, కూజాలో నీళ్ళు చల్లబడేది అందుకేగా. వేరు చల్లగా ఉంటుంది, గాలి అందుతుంది. నువ్వు కాస్త ఎక్కువ పోసినా కుండీ సర్దుకుంటుంది. ప్లాస్టిక్ బకెట్టు సర్దుకోదు. మొక్కల్ని ఎండబెట్టి చంపేవాళ్ళకంటే ప్రేమకొద్దీ రోజూ నీళ్ళుపోసి కుళ్ళబెట్టి చంపేవాళ్ళే ఎక్కువ. నీ రంగు డబ్బాలో కరివేపాకు మొన్న అలాగే పోయింది కదా.

మామయ్య: అది పోయింది పుల్లమజ్జిగ పోసి. మీ అత్తయ్యని అడుగు.

మేనకోడలు: మజ్జిగా, నీళ్ళూ, నువ్వూ, అందరూ కలిసి.

మామయ్య: సరే, నీ శాస్త్రం ఒప్పుకుంటాను. ఇప్పుడు నా క్యాలెండరు విను. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఈ ఊళ్ళో గాలే తడిబట్ట. ఆరేసిన లుంగీ మూడు రోజులకీ ఆరదు. అప్పుడు నీ మట్టిగోడ ఏటి ఆవిరి చేస్తది? ప్లాస్టిక్కూ మట్టీ అప్పుడు ఒకటే. ఇక చైత్రం వైశాఖం చూడు. అప్పుడు నీ మట్టిగోడ మొక్కకంటే ముందు తనే తాగుతుంది. పన్నెండంగుళాల కుండీకి రెండు పూటలా పొయ్యాలి, డబ్బాకి ఒక పూట చాలు. కుళాయి కింద ఉంది, మొక్కలు మూడో అంతస్తు పైన ఉన్నాయి. నా మోకాళ్ళు చూశావా? కుండీ మట్టిదా, ప్లాస్టిక్కుదా అని మొక్కని అడగబోకు. నీళ్ళు మోసేవాణ్ని అడుగు.

ఈ మాటకి కోడలు వెంటనే బదులు చెప్పలేదు. నా లెక్కలో ఆ పూట అన్న మాటలన్నిట్లో బరువైంది ఇదే. అమ్మేవాళ్ళు మొక్కకి ఏది మంచిదో చెబుతారు, అందాల రాయుళ్ళు బాల్కనీకి ఏది మంచిదో చెబుతారు. బకెట్టు పట్టుకొని మెట్లెక్కేవాడి ప్రస్తావన ఎవరూ తేరు. సంక్రాంతికి ఊరెళ్తే పది రోజులు ఎవరు పోస్తారన్న ప్రశ్నకి జవాబు లేని ఇంట్లో, చిన్న మట్టికుండీ ఎంత ముచ్చటగా ఉన్నా మొక్కకు దండగే. అయినా కోడలు ఓడిపోలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమే స్పాంజి తెచ్చింది.

మేనకోడలు: చూడు మామయ్యా. ఇది బాగా తడిపాను. అడ్డంగా పట్టుకున్నాను, కారి కారి ఆగిపోయింది. ఇక చుక్క రావట్లేదా?

మామయ్య: లేదు.

మేనకోడలు: ఇప్పుడు అదే స్పాంజిని నిలువుగా తిప్పుతున్నాను.

(అడుగు అంచు నుంచి మళ్ళీ నీళ్ళు ధారగా కారాయి. మామయ్య చేత్తో పట్టి చూశాడు.)

మేనకోడలు: స్పాంజి అదే, నీళ్ళు అవే. ఎత్తు పెరిగింది, అంతే. మట్టిలోనూ ఇదే జరుగుతుంది. ఎన్ని చిల్లులున్నా అడుగున కొంత మందం మట్టి నీళ్ళని వదలదు, నానిపోయే ఉంటుంది. ఆ మందం ఎంతన్నది మట్టి రకాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ ఎత్తుని బట్టి కాదు. ఈ గంగమట్టి మరీ జిగట, ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది. లోతు తక్కువ తొట్టిలో సగం మట్టి ఎప్పుడూ బురదే. ఎత్తైన కుండీలో ఆ బురద అడుక్కి పోయి, పైన వేరు హాయిగా ఉంటుంది. అందుకే కరివేపాకుకి వెడల్పు కంటే ముందు లోతు చూడమంటున్నాను.

మామయ్య: దానికేగా అడుగున గులకరాళ్ళు వేస్తాను.

మేనకోడలు: అదే వద్దనేది! సన్నమట్టి కింద రాళ్ళుంటే, ఆ మట్టి పూర్తిగా నానేదాకా నీళ్ళు రాళ్ళలోకి దిగవు. బురద మందం తగ్గదు, రాళ్ళు ఎంత ఎత్తున ఉంటే అంత పైకి వస్తుంది. రాళ్ళు వేసి కుండీ లోతు నువ్వే తగ్గించుకుంటున్నావు. చిల్లు మీద ఓ కొబ్బరిపీచు ముక్కో, పెంకు ముక్కో పెట్టు, మట్టి జారకుండా. అంతకు మించి అక్కర్లేదు. రాళ్ళకి బదులు మట్టిలోనే ఇసక, కొబ్బరిపొట్టు, మాగిన పేడ ఎరువు కలుపు.

మామయ్య: ఇన్నాళ్ళూ మెట్లమీదుగా రాళ్ళు మోశానన్నమాట. మీ అత్తయ్యకి చెప్పబోకు.

మేనకోడలు: చెప్పను గానీ, ఆ మూల నల్లపెట్టె తీసెయ్. అందులో పాలకూర ఏంటి?

మామయ్య: లారీ బ్యాటరీ పెట్టె. గట్టిగా ఉంటది.

మేనకోడలు: గట్టిగానే ఉంటుంది, సీసం కూడా ఉంటుంది. ఎంత కడిగినా గోడకి పట్టిన సీసం పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. ఆకుకూరా? పిల్లలు తినే ఇల్లా? ఇందులో బేరం లేదు.

మామయ్య: తీసేస్తాలే.

మేనకోడలు: రంగు డబ్బాలు కూడా చూసి తెచ్చుకో. ఇళ్ళ గోడలకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఆ ఇరవై లీటర్ల గోడరంగు డబ్బా బాగా కడిగితే వాడుకోవచ్చు. కార్ఖానాల్లో ఇనుముకి పూసే రంగులు ఆ లెక్కలోకి రావు. ఈ పేటలో డబ్బా ఏ షెడ్డులోంచి వచ్చిందో అడక్కుండా తేవద్దు. తెచ్చినా పువ్వులే పెట్టు.

మామయ్య: ప్లాస్టిక్ మీద ఇంత కోపమున్నదానివి, కడియం వాళ్ళనేటంటావ్? గోదావరి పక్కన అన్ని నర్సరీలూ నల్ల ప్లాస్టిక్ కవర్లలోనే మొక్కల్ని దేశమంతా పంపుతున్నాయి. వాళ్ళకి తెలీదేటి?

మేనకోడలు: బాగా తెలుసు. అది ప్రయాణం చేసే మొక్కకి. తేలిక, చవక, లారీలో పగలదు. కానీ కవరులో నెలల తరబడి ఉంచితే వేరు గోడకి తగిలి, దారి దొరక్క చుట్టూ తిరగడం మొదలెడుతుంది. ఉంగరంలా చుట్టుకున్న వేరుని అలాగే పెద్ద కుండీలో పెట్టినా అక్కడే తిరుగుతుంది. నాటేటప్పుడు విడదియ్యాలి, మరీ చుట్టుకుంటే కత్తిరించాలి. ఈ చేతిలో ఉన్నది చూడు, కింద తెల్లవేర్లు కనిపిస్తున్నాయి. ఇంకా ముదరలేదు, అదృష్టం. అయినా ప్రయాణపు పెట్టె మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఆ కథలో సగం మన ఇంటి పక్కనే జరిగింది.

మామయ్య: శిబ్‌పూర్ బొటానికల్ తోటలోనా?

మేనకోడలు: అక్కడే. 1787లో కర్నల్ కిడ్ వేసిన తోట. 1793లో దానికి పెద్దగా వచ్చిన రాక్స్‌బర్గ్ ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలుసా? మన సామర్లకోట నుంచి. పదేళ్ళకు పైగా అక్కడే ఉండి మిరియాలు పెంచాలని చూశాడు, కోరమాండల్ తీరపు మొక్కలకి బొమ్మలు వేయించాడు. ఆ కాలంలో ఓడమీద మొక్క పంపడమంటే దాదాపు చంపి పంపడమే. కుండీని డెక్కు మీద పెడితే ఉప్పు తుంపరకి మాడిపోయేది, లోపల పెడితే వెలుతురు లేక చచ్చేది. మంచినీళ్ళు మనుషులకే చాలేవి కావు.

మామయ్య: నా బాధే అది. నీళ్ళు మోసేవాడి బాధ.

మేనకోడలు: సరిగ్గా. 1829లో లండన్‌లో వార్డ్ అనే వైద్యుడు మూతపెట్టిన సీసాలో తడిమట్టి మీద దానంతటదే ఫెర్న్ మొలవడం చూశాడు. లోపలి ఆవిరే గాజుకి పట్టి మళ్ళీ మట్టిలోకి దిగుతోంది. దాంతో చెక్కా గాజూ కలిపి పెట్టె చేయించి, 1833లో మొక్కలు నింపి సిడ్నీకి పంపాడు. బతికి చేరాయి. ఆ పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చూన్ అనే ఆయన చైనా నుంచి తేయాకు మొక్కలు తెచ్చాడు. విడి విత్తనాలు పంపితే దారిలో మొలకశక్తి పోయేది. మల్బరీ మొక్కల మధ్య మట్టిలోనే విత్తనాలు చల్లి పెట్టె మూసేస్తే, కలకత్తా చేరేసరికి మొలకలు గుంపుగా లేచి ఉన్నాయి. వాటినీ శిబ్‌పూర్ తోటలోనే విప్పి చూశారు. హిమాలయాల టీతోటలకి అవి వెళ్ళిన దారి ఇది.

మామయ్య: అంటే నాలాటి ఆలోచనే. నీళ్ళు పోసేవాడు లేడు కాబట్టి పెట్టె మార్చాడు. నా థర్మోకోల్ పెట్టెకి మూతుంది, తెలుసా?

మేనకోడలు: మూత వెయ్యకు మామయ్యా, ఎండలో ఉడికిపోతుంది!

నిజానికి ఆ పూట మామయ్య ముఖం వెలిగిన ఘట్టం ఇదొక్కటే. ఇంతలో గోడ వారన ఓ పళ్ళెంలో ఆయన దురదృష్టం బయటపడింది. మల్లెకుండీ కింద ప్లాస్టిక్ పళ్ళెం, అందులో వేలెడు నీళ్ళు, నీళ్ళలో వెంట్రుకల్లా కదులుతున్న పురుగులు.

మేనకోడలు: ఇదేంటి? హౌరాలో డెంగీ ఏటా వచ్చే చుట్టం. ఆ దోమకి మురుగు అక్కర్లేదు, ఇలాంటి శుభ్రమైన నీళ్ళు చాలు. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు. ఇక్కడ కుండీ మట్టిదా ప్లాస్టిక్కా అన్న భేదమే లేదు. పళ్ళెం తీసెయ్, లేదంటే వారానికోసారి పారబోసి పీచుతో గట్టిగా తోము. ఊరికే పారబోస్తే చాలదు. పళ్ళెం గోడకి పట్టిన గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, నీళ్ళు తగిలితే మళ్ళీ లేస్తాయి.

మామయ్య: పళ్ళెం లేకపోతే కింద స్లాబు తడుస్తుంది. ఇల్లుగలాయన ఊరుకోడు.

మేనకోడలు: కుండీ కింద రెండు ఇటుకలు పెట్టు. చిల్లుకి గాలాడుతుంది, నీళ్ళు తూములోకి పోతాయి. ఇల్లుగలాయనకి స్లాబు తడి కంటే పెద్ద భయం ఒకటుంది, ఆయనకింకా తెలీదు. ఆ సగం డ్రమ్ము.

మామయ్య: దాని జోలికి రాకు. గంధరాజ నిమ్మ అది. ఒక కాయ కోస్తే వీధంతా వాసన.

మేనకోడలు: వాసనకి బరువుండదు, మట్టికుంటుంది. రెండువందల లీటర్ల డ్రమ్ములో సగమంటే వంద లీటర్లు. తడిసిన గంగమట్టి లీటరుకి ఒకటిన్నర కిలో పైమాటే. చెట్టుతో కలిపి నూటయాభై దాటి ఎంతైనా ఉండొచ్చు. మనుషులు తిరిగే మేడకి కట్టేటప్పుడు లెక్కలో వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు నూటయాభై కిలోలు. నీ డ్రమ్ము ఆనింది అందులో పావు వంతు జాగా మీద. అదీ స్లాబు నడిమధ్యన. అదీ ఈ పాత మేడ మీద.

మామయ్య: ఆంఫన్ తుపాను నాడు ఈ డ్రమ్మొక్కటే నిలబడింది. 2020 మే 20. ఆ రాత్రి శిబ్‌పూర్ తోటలో వందల చెట్లు కూలాయి, అక్కడి పెద్ద మర్రిచెట్టుకీ దెబ్బ తగిలింది. ఇక్కడ ప్లాస్టిక్ కుండీలన్నీ పక్కింటి మేడ మీదికి పోయాయి. ప్రతి ఏడూ కాలబైశాఖి గాలివానకి తేలిక కుండీలు దొర్లిపోతూనే ఉంటాయి. తేలిగ్గా ఉండాలంటావు, గాలికి నిలవాలంటావు. రెండూ ఎలా కుదురుతాయి?

మేనకోడలు: కుదరవు. అందుకే పిట్టగోడ మీద ఏదీ పెట్టకూడదు. మట్టికుండీ అక్కణ్ణుంచి పడితే కింద మనిషి తల పగులుతుంది. తేలికవన్నీ పిట్టగోడ లోపలి వారకి దగ్గరగా చేర్చి తాడు కట్టాలి. బరువైనవి కింద గోడ ఉన్న చోట, దూలం ఉన్న చోట పెట్టాలి. డ్రమ్ముని మెట్లగది గోడ పక్కకి జరపాలి.

మామయ్య: ఎవరు జరుపుతారు? నువ్వా, నేనా, ఈ పక్కింటాయనా?

(నేను టీ మీద దృష్టి పెట్టాను.)

టీ మట్టి కప్పుల్లో వచ్చింది. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా స్టేషన్లలో మట్టికప్పులు పెట్టించినప్పుడు దేశానికి అదో వింత. బెంగాల్లో అంతకు ముందూ అవే, ఇప్పుడూ అవే. తాగాక మామయ్య కప్పు అడుగున మేకు పెట్టి రాయితో మెల్లగా కొట్టాడు. రెండు పగిలాయి, మూడోది చిల్లు పడింది. వంగ, మిరప నారుకి ఇంతకంటే మంచి కుండీ లేదని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. నారు ఎదిగాక కప్పు పగలగొట్టి పెద్ద కుండీలో పెడితే వేరు కదలదు. ఖర్చు లేదు కాబట్టి మామయ్యకి నచ్చింది, మట్టి కాబట్టి కోడలికి నచ్చింది.

మామయ్య: ఇంతకీ నీ చేతిలో మొక్క సంగతి తేల్చు.

మేనకోడలు: పధ్నాలుగంగుళాల మట్టికుండీ. లోతైంది. కొత్తది కాబట్టి ఓ పూట నీళ్ళలో నానెయ్యాలి, లేకపోతే మొక్కకి పోసిన తొలి నీళ్ళు గోడే తాగేస్తుంది. నీ మోకాళ్ళ కోసం ఒకటి ఒప్పుకుంటాను. మట్టి మీద ఎండాకు, కొబ్బరిపీచు మందంగా పరుద్దాం. ఎండాకాలంలో మెట్లగది నీడలోకి జరుపుదాం. సాయంత్రం పూట నీళ్ళు మాత్రం నేనొచ్చి పోస్తాను.

మామయ్య: రోజూ వస్తావా?

మేనకోడలు: ఆదివారాలు రాను.

మామయ్య: అయితే ఆదివారం ఎవరు పోస్తారో ముందు చెప్పు, తర్వాత కుండీ కొను. నామాట విని గోడరంగు డబ్బాలో పెట్టు. బయట సున్నం పూస్తాను, వేడెక్కదు. ఎత్తుగానే ఉంటది, నీ స్పాంజి లెక్కకి సరిపోద్ది. పక్కన చిల్లులు ఎన్ని కావాలంటే అన్ని వేస్తాను.

మేనకోడలు: గంగమట్టి తగ్గించి ఇసక కలుపుతావా?

మామయ్య: కలుపుతాను.

మేనకోడలు: వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగిలితే నీళ్ళు మానేస్తావా?

మామయ్య: మానేస్తాను.

మేనకోడలు: మజ్జిగ?

మామయ్య: అది మీ అత్తయ్య డిపార్ట్‌మెంటు.

మేనకోడలు: అయితే మట్టికుండీయే.

చివరికి కరివేపాకు మట్టికుండీలోకే వెళ్ళింది, కుండీ డబ్బు కోడలిది, ఆదివారం నీళ్ళు నావి. గోంగూర పెట్టెకి అప్పటికప్పుడే గోనె చుట్టారు. బ్యాటరీ పెట్టెలోని పాలకూర పీకేసి, మట్టితో సహా సంచిలో కట్టి ఓ మూల పెట్టారు. డ్రమ్ము మాత్రం కదల్లేదు. కాయలున్నాయి, దింపాక చూద్దామన్నాడు మామయ్య. పై మట్టి నాలుగు బకెట్లు తోడేస్తే ఇద్దరు మనుషులు జరపగలరన్నది కోడలు. తోడిన మట్టి కిందికి ఎవరు మోస్తారని ఆయన అడుగుతుంటే నేను మెట్లు దిగుతున్నాను.